డాబా తాళం

వార్డెన్ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడటానికి నాగర్‌కర్నూల్ వస్తుంటారు. రిజిస్టర్లు ఎట్లా రాయాలో, తనిఖీకి వచ్చే అధికారి ముందు ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో అడుగుతారు. తెలిసింది చెబుతాను. వాళ్ళు లేచి చెప్పులు వేసుకుంటున్నప్పుడు, హాస్టల్ డాబాకు తాళం వేస్తున్నారా అని నేనొక మాట అడుగుతాను. వేస్తున్నాం సార్ అంటారు, మెచ్చుకుంటాననుకొని. వేయాల్సిందే. నేనూ వేశాను. ఆ తాళం సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. గద్వాల దిక్కు కొన్ని ఊళ్ళలో మా ఇంటిపేరు చెబితే ఇప్పటికీ ఒకరిద్దరు ముసలివాళ్ళు కూర్చున్నచోటి నుంచి లేస్తారు. వాళ్ళు లేవడం తప్ప మా ఇంటికి మిగిలిందేమీ లేదు. నేను పుట్టేనాటికే భూములు పోయాయి. నాకు ఊహ తెలిసేనాటికి ఇంటి టేకు దూలాలు ఊడదీసి బండ్లకెత్తారు. తొమ్మిదో ఏట మా నాయన నన్ను వనపర్తిలో ఒక హాస్టల్లో దింపి, గేటు దగ్గర భుజం మీద చెయ్యి వేసి, మన ఇంటివాళ్ళు నలుగురిలో ఏడవరు అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఏడవలేదు. ఆ రోజే కాదు, ఆ తరువాత కూడా. దాన్ని ఒక ఆస్తిలాగా దాచుకున్నాను. పిల్లల్ని చూసుకునే ఉద్యోగం దొరికినప్పుడు, నా దగ్గరున్నది అదొక్కటే గనుక, దాన్నే వాళ్ళకు పంచాను.

రెండు వేల తొమ్మిదిలో నేను వనపర్తిలోనే ఒక ప్రభుత్వ బాలుర హాస్టల్‌కు వార్డెన్‌ను. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే పాలమూరు జిల్లా. నా హాస్టల్లో ట్రంకు పెట్టెలు గోడ పొడుగునా ఒకే వరుసలో, తాళాలన్నీ ఒకే దిక్కుకు ఉండేవి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ వరుసను చూసి, ఇంకేమీ చూడకుండా సంతకం పెట్టిపోయేవాళ్ళు. డాబాకు పిట్టగోడ లేదు. నేను రాకముందు ఎప్పుడో ఒక పిల్లవాడు అక్కణ్ణుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. అందుకని మెట్ల తలుపుకు తాళం వేయించి, తాళంచెవి నా మొలతాడుకే కట్టుకున్నాను.

ఆ అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర రెండూ పొంగాయి. మాకు వనపర్తిలో వాన మాత్రమే తెలుసు. గద్వాల, అలంపురం దిక్కు ఊళ్ళకు ఊళ్ళు మునిగాయని మరునాడు మనుషులు చెబితే తెలిసింది. ఇరవై రోజులకు పైనుంచి ఒక కాగితం వచ్చింది. నది ఒడ్డున మునిగిపోయిన ఒక ఊరి నుంచి పద్నాలుగు మంది పిల్లలను మా హాస్టల్లో చేర్చుకోవాలి. మాది ఎత్తు మీదున్న ఊరు, నదికి దూరం. పిల్లలు ఆ బురద చూడకుండా, ఆ ఏడుపులు వినకుండా ఉంటే తొందరగా మరిచిపోతారని పైవాళ్ళ ఆలోచన. నాకూ అది సబబుగానే తోచింది. నేను అట్లాగే పెరిగాను గదా.

పద్నాలుగు మందీ ఒకే లారీలో వచ్చారు. ఎవరో దానం చేసిన బట్టలు వేసుకున్నారు. ఏ చొక్కా ఏ పిల్లవాడికీ సరిపోలేదు. కొత్త ట్రంకు పెట్టెలు ఇస్తే తీసుకున్నారు గాని, వాటిల్లో ఏమీ పెట్టలేదు. ప్రతి సాయంత్రం తమ బట్టలు, పుస్తకాలు తువ్వాలలో మూటగట్టి, మూట కొస మణికట్టుకు చుట్టుకొని పడుకునేవాళ్ళు. నేను మూటలు విప్పించి పెట్టెల్లో పెట్టించాను. మరునాడు మళ్ళీ మూటలే. ఇది మొండితనం అనుకున్నాను. వారం రోజులు పోరాడి గెలిచాను. పెట్టెల వరుస మళ్ళీ చక్కగా కుదిరింది. ఆ వారంలో పక్కలు తడుపుకునే పిల్లలు ఇద్దరి నుంచి ఆరుగురయ్యారు. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

వాళ్ళలో ఒకడు నాలుగో తరగతి. సన్నగా, చెవులు పెద్దగా, చొక్కా మోకాళ్ళ దాకా. ఎవరి పేర్లూ రాయనని అనుకున్నాను గనుక వాణ్ణి పిల్లవాడు అనే అంటాను. వాడు మాట్లాడడు. ఆఁ సార్ అంటాడు, లేదు సార్ అంటాడు, అంతే. మబ్బు పట్టిందంటే మాత్రం డాబా మెట్ల దగ్గర ఉంటాడు. బడిలో ఉన్నా, అన్నం ముందున్నా, లేచిపోతాడు. తాళం వేసిన తలుపుకు వీపు ఆనించి చివరి మెట్టు మీద కూర్చుంటాడు. దిగమంటే దిగుతాడు. నేను వెనక్కు తిరిగితే మళ్ళీ ఎక్కుతాడు. ఒకరోజు అధికారి వచ్చి ఉన్నప్పుడు కూడా అట్లాగే చేశాడు. ఆయన పోయాక వాణ్ణి ఒక దెబ్బ కొట్టాను. వాడు ఏడవలేదు. నేను లోపల మెచ్చుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

అన్నం తినడం తగ్గిపోతే దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉండేది. కడుపు నొక్కి చూసింది, గుండె విన్నది, రక్తం పరీక్ష చేయించింది. ఒంట్లో ఏమీ లేదన్నది. వరదలో వీడు ఏం చూశాడని నన్ను అడిగింది. వరద చూశాడన్నాను. అది సరే, ఏం చూశాడని మళ్ళీ అడిగింది. నాకు తెలియదన్నాను. ఆమె బలం గోళీలు రాసిచ్చి, రోజూ కాసేపు ఎవరో ఒకరు వీడి దగ్గర కూర్చోండి, మాట్లాడితే వినండి, మాట్లాడకపోయినా కూర్చోండి అన్నది. నేను చెప్పినట్లే చేశాను. రోజూ సాయంత్రం అరగంట వాణ్ణి నా బల్ల ముందు కూర్చోబెట్టుకొని, నేను రిజిస్టర్లు రాసుకున్నాను.

నవంబరు నడిమిలో ఒక మధ్యాహ్నం వాళ్ళ అవ్వ వచ్చింది. నాయన తల్లి. చేతికర్ర, నెత్తి మీద సద్దిమూట, మడమల దాకా ఎండిన ఒండ్రు. గేటు దగ్గర నన్ను చూసి, ముందు దండం పెట్టలేదు. నా మొహం పరీక్షగా చూసింది.

“మీరు ఫలాని పటేలు మనుమడు గద. ముక్కు చెప్తుంది,” అన్నది. అప్పుడు దండం పెట్టింది. “మా మామ మీ ఇంట్ల జీతమున్నడు అయ్యా. మీ గడపకొచ్చి వట్టి చేతులతోటి పోయినోల్లు లేరు.”

ఇప్పటి పిల్లలకు ఆ మాట ఎట్లా వినిపిస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం ఎవరో బజారులో నా చొక్కా విప్పినట్లయింది. వంటామె చూస్తున్నది, వాచ్‌మన్ చూస్తున్నాడు. ఆ పేరు వాడుకొని ఎవరికీ ఏమీ చేయకూడదని, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని ఉద్యోగంలో చేరిన నాడు నేను ఒట్టుపెట్టుకున్నాను. అది మంచి ఒట్టే. మంచి ఒట్లు కూడా ఒక్కోసారి తప్పు రోజున అడ్డం పడతాయి.

ఆమె వచ్చిన పని చెప్పింది. కొడుకు వరదలో పోయాడు. శవం దొరకలేదు. ఇన్నాళ్ళు చూశారు. ఇక చూడొద్దని కులపెద్దలు చెప్పారు. జొన్నచొప్పతో బొమ్మ కట్టి దహనం చేసి, దినాలు మొదలుపెట్టారు. కోడలు చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకొని మూల కూర్చుంది, కదలదు. ఎల్లుండి పిట్టకు పెడుతున్నారు. పోయినవాడికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడటం మా వైపు ఆచారం. ముట్టకపోతే, పోయినవాడి మనసు ఇంకా ఇక్కడే ఏదో ఒకదాని మీద చిక్కుకొని ఉందని అర్థం.

“కొడుకు పెట్టకుంటె పిట్ట ముట్టదు సారూ. రెండు దినాలకు తోలియ్యండి. మళ్ళ నేనే తెచ్చి ఇడుస్త.”

నేను పటేలు అన్న మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. “ఇక్కడ పటేలు ఎవరూ లేరు. వార్డెన్ ఉన్నాడు,” అన్నాను. వరద ఊళ్ళ పిల్లలను పంపాలంటే పంచాయతీ నుంచి కాగితం కావాలని చెప్పాను.

“కాయిదం రాసెటోని ఇల్లు గూడ పోయె. ఆయన చెట్టు కింద ఉన్నడు. కలం యాడుందో ఆయనకే తెల్వదు,” అన్నది ఆమె. ఎగతాళి కాదు, ఉన్న సంగతే చెప్పింది.

నేను పై అధికారికి ఫోను చేశాను. ఆయన, ఊరికి పోయిన పిల్లలు హాస్టల్‌కు తిరిగి రారు, ఒకణ్ణి పంపితే పద్నాలుగు మందీ లేస్తారు, ఆపైన మీ ఇష్టం అన్నాడు. మీ ఇష్టం అన్నాడని నేను ఆమెకు చెప్పలేదు. పైవాళ్ళు ఒప్పుకోలేదని చెప్పాను. నా మనసులో ఇంకొకటి కూడా ఉంది. చొప్పబొమ్మలు, కాకులు, ఏడుపులు, వీటిల్లోకి పిల్లవాణ్ణి మళ్ళీ తీసుకుపోవడం దేనికి? ఇక్కడే ఉంటే గట్టిపడతాడు. కనీసం ఒకసారి చూసిపోతానని అడిగింది. బడిలో ఉన్నాడు, పాఠాల మధ్య పిలిపించనన్నాను. ఆమె సద్దిమూట వంటామె చేతికిచ్చి, కర్ర పోటు వేసుకుంటూ బస్సుల దిక్కు నడిచింది. వెనక్కు తిరిగి చూడలేదు. ఆ నడక మా ఇంటివాళ్ళ నడకలాగే ఉందని అప్పుడు అనిపించి, ఆ ఆలోచనను తోసేశాను.

మా వంటామెది లింగాల దిక్కు. నోరు పదునైన మనిషి, చెయ్యి మంచిది. ఆ సాయంత్రం నాకు చాయ్ తెచ్చిపెట్టి, “మీరు పంపించింది ముసలామెను కాదు సార్, మీ తాతను ఎల్లగొట్టిన్రు,” అని పోయింది. నేను ఆ చాయ్ తాగలేదు. సద్దిమూటలో జొన్నరొట్టెలు, ఎర్రకారం ఉన్నాయట. పిల్లవాడికి ఇస్తే వాసన చూసి, ఒక్క రొట్టె తిని, మిగిలినవి మూటగట్టి పెట్టుకున్నాడట. అవ్వ ఎందుకొచ్చిందో కూడా వాడికి వంటామే చెప్పింది.

పిట్టకు పెట్టే రోజున పొద్దున్నే ముసురు పట్టింది. హాజరు పిలిస్తే పిల్లవాడు లేడు. డాబా మెట్ల మీద చూశాం, లేడు. ఊరిలోకి పోయాడేమోనని వాచ్‌మన్‌ను బస్‌స్టాండుకు పంపుదామని గేటు దాకా వచ్చి, ఎందుకో తలెత్తి చూశాను. హాస్టల్ వెనుక నాలుగు స్తంభాల మీద కట్టిన నీళ్ళ ట్యాంకు ఉండేది. దానికి ఒక ఇనుప నిచ్చెన, వర్షానికి తడిసి మెరుస్తున్నది. ట్యాంకు కప్పు అంచున, మూట ఒళ్ళో పెట్టుకొని, వాడు కూర్చొని ఉన్నాడు. కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి.

డాబాకు నేను తాళం వేయకపోతే వాడు డాబా మీద కూర్చునేవాడు. పిట్టగోడ లేని డాబా అయినా, పండుకోవడానికి జాగా ఉన్న డాబా. నా తాళం వాణ్ణి దానికి మూడింతల ఎత్తుకు ఎక్కించింది.

నేను కింద నిలబడి దిగమన్నాను. మూడుసార్లు అన్నాను, ప్రతిసారీ గొంతు పెంచి. హాస్టలంతా వచ్చి నిలబడింది. వాచ్‌మన్ నాలుగు మెట్లు ఎక్కితే పిల్లవాడు అంచుకు ఇంకొంచెం జరిగాడు. వాచ్‌మన్ దిగిపోయాడు. అప్పుడు పైనుంచి వాడి గొంతు వినిపించింది. నెల రోజుల్లో నేను విన్న మొదటి పూర్తి మాట అది.

“మా నాయిన వస్తె దిగుత సార్.”

నాకు అర్థం కాలేదు. పక్కనున్న పిల్లలకు అర్థమైంది, తలలు దించుకున్నారు. వంటామె నా పక్కకు వచ్చి తగ్గు గొంతుతో చెప్పింది. ఆమెకు చాలా రోజుల కిందటే తెలుసు. ఆ ఊరి పిల్లలు వంటింట్లో ఉల్లిగడ్డలు ఒలుస్తూ చెప్పారట. నీళ్ళు ఊళ్ళోకి వచ్చిననాడు వీడి నాయన తల్లిని వీపున ఎక్కించుకొని, పెళ్ళాన్ని, పిల్లలను తోలుకొని బడి డాబా మీదికి చేర్చాడు. ఎద్దులను విప్పి వస్తానని మళ్ళీ దిగాడు. దిగుతూ పిల్లవాడితో, నేను వచ్చేదాక దిగకు, ఎవరు చెప్పినా దిగకు అన్నాడు. ఆయన రాలేదు. రెండు రోజులు డాబా మీదనే ఉన్నారు. పడవ వచ్చినప్పుడు పిల్లవాడు పిట్టగోడను కరుచుకొని వదలలేదు. పడవవాళ్ళు వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి ఎత్తుకుపోయారు.

నాకెందుకు చెప్పలేదని వంటామెను అడిగాను.

“మీరు అడగలె సార్. ఎన్నిసార్లో దిగమన్నరు గని, ఎందుకెక్కుతున్నవు రా అని ఒక్కసారి అడగలె.”

వానలో నిలబడి ఉన్నాను.  నా దగ్గరున్న మాటలన్నీ హుకుములే. వంటామే చెంగు నెత్తి మీద కప్పుకొని ముందుకు పోయి, పైకి చూసి, పక్కింటి పిల్లవాడితో మాట్లాడినట్లు మాట్లాడింది. “ఒరేయ్, గీ టాంకి మీద కూసుంటె మీ నాయినకు ఎట్ల కనిపిస్తవు రా? నిన్ను యాడ కూసోమన్నడు? మీ ఊరి బడి మీద గద?”

వాడు నా దిక్కు చూశాడు. ఆ చూపు ఏమడుగుతున్నదో ఈసారి తెలిసింది. “రేపు పొద్దున బస్సుకు నేనే తీసుకుపోతాను. మీ బడి మీదికే,” అన్నాను. వాడు మూట మెడకు కట్టుకొని, ఒక్కొక్క మెట్టే కాలితో తడుముకుంటూ దిగాడు. కింద వాచ్‌మన్ తువ్వాల పట్టుకొని నిలబడ్డాడు. నేను గదిలోకి పోయి రిజిస్టరు తీసి, వార్డెన్ వెంటబెట్టుకొని పోతున్నాడు అని రాసి సంతకం పెట్టాను. పై అనుమతి అన్న గడి ఖాళీగా వదిలేశాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అది మొదటి ఖాళీ గడి.

మరునాడు పెబ్బేరు దాటి బస్సు కృష్ణ వంతెన మీదికి ఎక్కేసరికి పిల్లవాడు నా మణికట్టు పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. నది కింద ఎక్కడో రాళ్ళ మధ్య పాయలు పాయలుగా పారుతున్నది, ఏమీ ఎరగనట్లు. నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయని అడిగాడు. సోమశిల దిక్కు, అక్కణ్ణుంచి శ్రీశైలం అన్నాను.

“అక్కడ మనుషులుంటరా సార్?”

ఉంటారన్నాను.  గద్వాలలో దిగి ఆటో ఎక్కేదాకా, ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తట్టలేదు. నీళ్ళు పోయినచోటికే వాడి నాయనా పోయి ఉంటాడని తట్టాక, జవాబు వేరేగా చెప్పాల్సిందేమో అనుకున్నాను. 

ఊరు ఎండిన ఒండ్రు రంగులో ఉంది. గోడలున్నచోట కుప్పలు, కుప్పల పక్కన నీలం రంగు టార్పాలిన్ గుడిసెలు. బడి ఒక్కటే పక్కా కట్టడం గనుక నిలబడింది. దాని గోడ మీద కిటికీల కంటే ఎత్తున, గీత గీసినట్లు నీళ్ళ మరక ఉంది. అవ్వ నన్ను చూసి లేచింది. నేను లేవొద్దంటే వినలేదు. ఎందుకు రానివ్వలేదని అడగలేదు. నులకమంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. నిన్న పిట్టకు పెట్టామని, పొద్దుగూకేదాకా చూశామని, కాకులు చుట్టూ తిరిగాయి గాని ముట్టలేదని, చివరికి ఏట్లో కలిపామని చెప్పింది. ఎవరి మీదా తప్పు వేయకుండా చెప్పింది. తప్పు వేసి ఉంటే నాకు తేలికయ్యేది.

మేము మాట్లాడుతుండగానే పిల్లవాడు నిచ్చెన వేసుకొని బడి డాబా ఎక్కాడు. ఒకసారి చూసుకొని దిగుతాడనుకున్నాను. దిగలేదు. నది దిక్కు మొహం పెట్టి, పిట్టగోడ మూలకు కూర్చున్నాడు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. తల్లి చంటిదాన్ని ఎత్తుకొని గుడిసె వాకిట్లోకి వచ్చి నిలబడింది. చిన్నాయన పిలిచాడు. కులపెద్ద పిలిచాడు. నేను నిచ్చెన ఎక్కి పోయి వాడి పక్కన కూర్చున్నాను. ఈసారి రిజిస్టరు లేదు. నువ్వు మాట తప్పలేదు, పడవవాళ్ళు బలవంతంగా తీసుకుపోయారు అని చెప్పాను. మీ నాయన ఇక రాడని కూడా చెప్పాను. వాడు విన్నాడు. నాయిన ఎవరు చెప్పినా దిగొద్దన్నడు సార్ అన్నాడు. ఆ ఎవరులో నేను ఉన్నాను, కులపెద్ద ఉన్నాడు, ప్రభుత్వం ఉంది. వాడి నాయనకు మించినవాళ్ళు ఎవరని నేను వెతుక్కుంటున్నాను.

కింద అవ్వ కర్ర ఊతతో వచ్చి నిలబడింది. నిచ్చెన ఎక్కే శక్తి ఆమెకు లేదు. చేతిలో మోదుగాకు విస్తరి, అందులో అన్నం, పులుసు, ఒక గుడ్డు. విస్తరిని చిన్నాయన చేత పైకి అందించి, పిల్లవాడి చేతనే గోడ మీద పెట్టించింది. తరువాత తలెత్తి, గొంతు పెంచకుండా చెప్పింది.

“నీకు దిగొద్దని చెప్పినోన్ని కన్నది నేను. వాడు నా మాట ఎన్నడు దాటలే. వాని మాట మీద నా మాట నడుస్తది. నేను చెప్తున్న బిడ్డా, ఇగ దిగు. పొద్దటి నుంచి నేను గుక్కెడు గంజి తాగలె. దిగి తాపు.”

పిట్ట వచ్చి ముట్టిందా అని ఇది చదివినవాళ్ళు అడగొచ్చు. నేను చూడలేదు. నేను నిచ్చెన మెట్ల మీద వాడి పాదాలను చూస్తున్నాను. నేల మీద కాలు పెట్టాక వాడు అవ్వ నడుము పట్టుకొని ఏడ్చాడు. చాలా గట్టిగా, ఊరంతా వినేటట్లు ఏడ్చాడు. తల్లి కూడా అప్పుడే మొదటిసారి ఏడ్చిందని తరువాత చెప్పారు. నేను డాబా మీద అట్లాగే కూర్చొని ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు. అప్పటికి ఆ విద్య నాకు పూర్తిగా పోయింది.

ఆ ప్రయాణానికి నన్ను సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. ఊరినుంచి కబురు వస్తే మిగిలిన పదముగ్గురిలో నలుగురు దినాలకు పోయారు, ముగ్గురు తిరిగి వచ్చారు. ఒకడు రాలేదు. పై అధికారి చెప్పింది పూర్తిగా తప్పేమీ కాదు. డాబాకు పిట్టగోడ కట్టమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను, రెండేళ్ళకు కట్టారు. అప్పటిదాకా మబ్బు పట్టినప్పుడు తాళం తీసి, వాచ్‌మన్‌ను అంచున కూర్చోబెట్టి, పిల్లలను పైకి పంపేవాణ్ణి. మూటలు కట్టుకునేవాళ్ళను కట్టుకోనిచ్చాను. పెట్టెల వరుస వంకర పోయింది. ఒక్కొక్కరే పైకి పోవడం మానేశారు. వాళ్ళలో ఒకడు మాత్రం పదో తరగతి అయిపోయేదాకా మానలేదు. మీ హాస్టల్లోనూ అట్లాంటివాడు ఎవడైనా ఉంటే, వాడు మానకపోవచ్చు. మానకపోయినా తలుపు తీసే ఉంచండి.

వాళ్ళ ఊళ్ళో, ఆ రోజు సాయంత్రం బస్సుకు నేను బయలుదేరుతున్నప్పుడు పిల్లవాణ్ణి నాతో వస్తావా అని అడిగాను. అవ్వ కూడా పొమ్మన్నది, చదువు ఉంటుందని. వాడు రానన్నాడు. ఈసారి కారణం అడిగాను.

“ఊరు జరుపుతరంట గద సార్,” అన్నాడు. పెద్దలు అప్పటికే రోడ్డు పక్కన ఎత్తు మీద ఒక మెట్ట చెలక చూసి పెట్టారు. ఊరంతా అక్కడికి పోతుంది. “మేము గాడికి పోయినంక నాయిన గీడికి వస్తె, జాగ ఎవరు చెప్తరు?”

అవ్వ మాటకు వాడు డాబా దిగాడు. ఎదురుచూడటం మానమని ఆమె చెప్పలేదు, వాడు మానలేదు. నేను మళ్ళీ అదే చెప్పబోయి, మీ నాయన ఇక రాడని నోటి దాకా వచ్చి, ఆగాను. ఏం చేద్దామని వాణ్ణే అడిగాను. గోడ మీద రాద్దామన్నాడు. కాలిన పొయ్యిలోంచి ఒక బొగ్గు తెచ్చాడు. నీళ్ళ మరక కింద రాస్తే మళ్ళీ నీళ్ళొస్తే పోతుంది, పైన రాయాలన్నాడు. నేను వంగితే, వాడు నా భుజాల మీదికి ఎక్కాడు. నేను నిలబడ్డాను. పైన బొగ్గు గోడకు గీసుకుంటున్న చప్పుడు వింటూ, కదలకుండా చాలాసేపు నిలబడ్డాను. రోడ్డు దిక్కు, చెలక దగ్గర, అవ్వ, అమ్మ, చెల్లె, నేను అని రాశాడు. అక్షరాలు పెద్దవి, ఒత్తులు సరిగానే ఉన్నాయి.

దించాక, మీ నాయనకు చదువొచ్చా అని అడిగాను.

“రాదు సార్,” అన్నాడు, చేతుల బొగ్గు చొక్కాకు తుడుచుకుంటూ. “ఎవరినన్న అడుగుతడు.”